తప్పు బీఎస్‌డీటార్‌ది కాదు

లినక్స్ కెర్నల్ బిల్డ్ టార్ కమాండ్ దగ్గర ఆగిపోతే మన ఇంజనీర్ల నోట వెంటనే ఒక తీర్పు వస్తుంది. ‘నీ మెషీన్‌లో ఉన్నది అసలు టార్ కాదు, బీఎస్‌డీటార్. అది స్టాండర్డ్ పాటించదు. తీసేసి గ్నూ టార్ పెట్టుకో.’ ఈ సలహాలో చివరి ముక్క పనిచేస్తుంది, బిల్డ్ ముందుకు సాగుతుంది. అది సాగింది కనుక దానికి ముందు చెప్పిన కారణం కూడా నిజమేనని విన్నవాళ్లు నమ్ముతారు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు సీనియర్లు అదే నేర్పుతారు. వాళ్లు తమ తర్వాతివాళ్లకు నేర్పుతారు. ఆ కారణం మొదటి నుంచి చివరి దాకా తప్పు. మందు పనిచేసినంత మాత్రాన రోగం పేరు సరిగ్గా చెప్పినట్టు కాదు. తప్పుడు పేరు పెట్టబట్టే ఇదే గొడవ మళ్లీ మళ్లీ ఎదురవుతోంది.

ముందుగా అక్కడ నిజంగా జరిగేదేమిటో చూద్దాం. కెర్నల్‌లో ఐకెహెడర్స్ అనే కాన్ఫిగ్ ఆప్షన్ ఉంది. 2019లో 5.2 వెర్షన్‌తో వచ్చింది. నడుస్తున్న కెర్నల్ తన హెడర్ ఫైళ్లను తన వెంటే మోసుకుని తిరగాలన్నది దాని ఉద్దేశం. బీపీఎఫ్ ప్రోగ్రాములను అక్కడికక్కడే కంపైల్ చేసే పనిముట్లకు, ముఖ్యంగా హెడర్ ప్యాకేజీలు విడిగా దొరకని ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఆ హెడర్లు కావాలి. అందుకని బిల్డ్ సమయంలో ఒక షెల్ స్క్రిప్టు హెడర్లన్నీ పోగేసి, టార్‌తో కట్టగట్టి, ఎక్స్‌జెడ్‌తో కుదించి కెర్నల్‌లో చేరుస్తుంది. బూట్ అయ్యాక సిస్‌ఎఫ్‌ఎస్‌లో అది ఒక ఫైలుగా కనిపిస్తుంది.

అదే ఏడాది ఆ స్క్రిప్టుకు ఒక మంచి మార్పు జరిగింది. ఒకే సోర్సును ఎవరు, ఎక్కడ, ఎప్పుడు బిల్డ్ చేసినా బైటు తేడా లేకుండా అదే ఆర్కైవ్ రావాలి అన్నది లక్ష్యం. దానికోసం టార్ కమాండ్‌కు కొన్ని ఆప్షన్లు తగిలించారు. ఫైళ్లను పేరు వరసలో పేర్చే ‘సార్ట్’, యజమానిని సున్నా చేసే ‘ఓనర్’, ‘గ్రూప్’, తేదీని స్థిరంగా ఉంచే ‘ఎంటైమ్’ వాటిలో కొన్ని. ఇవి గ్నూ టార్ మాన్యువల్‌లో ఉన్నవి. పేరు వరసలో పేర్చే ఆప్షన్ గ్నూ టార్‌లోకి కూడా 2014లో, 1.28 వెర్షన్‌తోనే వచ్చింది. అంటే స్క్రిప్టు అడుగుతున్నది ఒకానొక ప్రోగ్రామును, అందులోనూ ఒక వెర్షన్ తర్వాతి రూపాన్ని. పిలిచిన పేరు మాత్రం వట్టి ‘టార్’.

జెంటూ లినక్స్ తన వినియోగదారులకు టార్ అనే పేరు కింద ఏ ప్రోగ్రాము ఉండాలో ఎంచుకునే వీలు ఇచ్చాక ఈ సంగతి బయటపడింది. లిబ్‌ఆర్కైవ్ నుంచి వచ్చే బీఎస్‌డీటార్‌ను ఎంచుకున్నవాళ్ల దగ్గర బిల్డ్ ఆగిపోయింది. ‘సార్ట్’ ఆప్షన్ తనకు తెలియదని అది చెప్పింది. తెలియని ఆప్షన్ వస్తే తెలియదని చెప్పి ఆగిపోవడం ఏ ప్రోగ్రాముకైనా మర్యాద. ఆ ఆప్షన్‌ను పట్టించుకోకుండా ఏదో ఒక ఆర్కైవ్ తయారుచేసి ఇచ్చి ఉంటే అది నిజంగా నేరమయ్యేది. ఇక్కడ నిందపడింది నిజం చెప్పిన ప్రోగ్రాము మీద.

ఇప్పుడు ‘స్టాండర్డ్ పాటించదు’ అన్న ఆరోపణకు వద్దాం. ఏ స్టాండర్డ్? యూనిక్స్ కమాండ్లకు ప్రామాణికం పాజిక్స్. ప్రస్తుత పాజిక్స్‌లో టార్ అనే కమాండే లేదు. ఆ మాట చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది, కానీ చరిత్ర తెలిస్తే ఆశ్చర్యం ఉండదు.

టార్‌కు పోటీగా నిలిచిన సీపీఐఓ అనే కమాండ్ 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్ వాళ్ల ప్రోగ్రామర్స్ వర్క్‌బెంచ్ యూనిక్స్‌లో పుట్టింది. టార్ 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో బయటికి వచ్చింది. రెండూ చేసేది ఒకే పని, ఫైళ్లను వరసగా ఒక కట్టగా కట్టడం. రెండింటికీ గట్టి అభిమానులు ఉండేవారు. ప్రామాణికం రాసేటప్పుడు ఏది ఉంచాలన్న దగ్గర ఎంత పట్టు పట్టారంటే, చివరికి రెండింటినీ చదివి రెండింటినీ రాయగల పాక్స్ అనే మూడో కమాండ్‌ను రాజీగా తెచ్చారు. 1997 నాటి సింగిల్ యూనిక్స్ స్పెసిఫికేషన్ టార్‌ను, సీపీఐఓను పాతబడినవాటి కింద జమకట్టింది. 2001 నాటి పాజిక్స్‌లో ఆ రెండు కమాండ్లూ లేవు. నిలిచింది పాక్స్ కమాండ్, దాని కింద యూస్టార్ వంటి ఫైలు ఫార్మాట్ల వర్ణన.

కాబట్టి టార్ ఫైలు ఎలా ఉండాలో చెప్పే ప్రామాణికం ఉంది. టార్ కమాండ్ ఏ ఆప్షన్లు తీసుకోవాలో చెప్పేది లేదు. పేరు వరసలో పేర్చమనే ఆప్షన్ ఏ ప్రామాణిక పత్రంలోనూ లేదు, అది గ్నూ వాళ్లు తమ ప్రోగ్రాముకు చేర్చుకున్న సదుపాయం. దాన్ని బీఎస్‌డీటార్ చేర్చుకోలేదని స్టాండర్డ్ తప్పిందనడం అన్యాయం.

పోనీ ‘అందరూ వాడేది గ్నూ టారే కదా, అదే అసలు ప్రామాణికం’ అంటారా? లినక్స్ డెస్క్‌టాప్ దాటి ఒక్క అడుగు వేస్తే ఆ మాట నిలవదు. ఫ్రీబీఎస్‌డీలో టార్ అంటే లిబ్‌ఆర్కైవ్‌దే, అది అక్కడే టిమ్ కీంట్‌జెల్ చేతిలో పుట్టింది. మాక్‌ఓఎస్‌లో టార్ అని కొడితే పలికేదీ అదే. 2017 చివర్లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో టార్‌ను చేర్చినప్పుడు తీసుకున్నదీ అదే. ఓపెన్‌బీఎస్‌డీలో టార్, సీపీఐఓ, పాక్స్ మూడు పేర్లకూ ఒకటే ప్రోగ్రాము పలుకుతుంది, అది గ్నూ వాళ్లది కాదు. లినక్స్ లోపల కూడా ఆల్పైన్‌లో డిఫాల్ట్‌గా ఉండేది బిజీబాక్స్ టార్, దానికీ ‘సార్ట్’ ఆప్షన్ లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మాక్‌బుక్ మీద పనిచేస్తూ, ఆల్పైన్ కంటైనర్‌లో బోర్డుకు కెర్నల్ కట్టే ఇంజనీరు రెండు వైపులా గ్నూ కాని టార్‌తోనే ఉన్నాడు. లోపం బీఎస్‌డీటార్‌దే అయితే బిజీబాక్స్ దగ్గర కూడా బిల్డ్ ఎందుకు ఆగుతోంది? రెండిటినీ వేర్వేరు మనుషులు, వేర్వేరు ఉద్దేశాలతో రాశారు. రెండు చోట్లా కలిసే విషయం ఒక్కటే, స్క్రిప్టు తనకు కావలసినవాణ్ని పేరు పెట్టి పిలవకపోవడం.

ఇంకో చిన్న ఉదాహరణ చూడండి, ఇది సార్ట్ కన్నా ప్రమాదకరం. గ్నూ టార్‌లో క్యాపిటల్ ‘ఐ’ అంటే ‘ఈ ప్రోగ్రాముతో కుదించు’ అని అర్థం. ఆ హెడర్ల స్క్రిప్టు ఎక్స్‌జెడ్‌ను పిలిచేది దానితోనే. బీఎస్‌డీటార్‌లో అదే అక్షరానికి ‘ఫైళ్ల పేర్ల జాబితాను ఈ ఫైలులోంచి చదువు’ అని అర్థం. ఒకే అక్షరం, రెండు చోట్లా చెల్లుతుంది, అర్థాలకు పొంతన లేదు. గ్నూ అలవాటుతో రాసిన కమాండ్‌ను బీఎస్‌డీటార్‌కు ఇస్తే అది ఎక్స్‌జెడ్ అనే పేరున్న జాబితా ఫైలు కోసం వెతుకుతుంది. లేని ఆప్షన్ ఎదురైతే ప్రోగ్రాము కనీసం ఆగి చెబుతుంది. ఉన్న ఆప్షన్‌కే వేరే అర్థం ఉంటే వచ్చే ఎర్రర్ మనిషిని వేరే దారి పట్టిస్తుంది. దీన్ని కూడా బీఎస్‌డీటార్ లోపమనే అంటారా? రెండు ప్రాజెక్టులూ తమ తమ మాన్యువల్‌లో రాసుకున్నదే చేస్తున్నాయి.

అయితే ఈ గొడవలో ఎదుటి పక్షానిది కూడా ఒక తప్పు వాదన ఉంది. దాన్ని వదిలేస్తే సగం ఖండనే అవుతుంది. ‘ఆ గ్నూ ఆప్షన్లన్నీ తీసేస్తే సరి, ఏ టార్‌తోనైనా పనవుతుంది’ అని వాళ్లంటారు. తీసేస్తే బిల్డ్ పూర్తవుతుంది, నిజమే. కానీ ఆ ఆప్షన్లు సోకు కోసం పెట్టినవి కావు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఒక డైరెక్టరీలోని పేర్లను హాష్ వరసలో అందిస్తుంది, ఆ హాష్‌కు విత్తనం ఫైల్‌సిస్టమ్ ఫైల్‌సిస్టమ్‌కూ మారుతుంది. కాబట్టి అవే ఫైళ్లు రెండు మెషీన్లలో రెండు వరసల్లో ఆర్కైవ్‌లోకి వెళ్తాయి. యజమాని నంబరు, తేదీ కూడా మెషీన్‌ను బట్టి మారతాయి. ఫైలు అనుమతులు కూడా బిల్డ్ చేసేవాళ్ల యూమాస్క్‌ను బట్టి మారుతున్నాయని తెలిసి, 2024లో వాటిని స్థిరపరిచే ఆప్షన్‌ను సైతం చేర్చాల్సి వచ్చింది. ‘ఈ కెర్నల్ ఈ సోర్సులోంచే వచ్చింది, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదు’ అని మూడో మనిషి తన మెషీన్‌లో మళ్లీ కట్టి రుజువు చేసుకోవాలంటే ఇవన్నీ స్థిరంగా ఉండి తీరాలి. ఫోన్లలో, రూటర్లలో నడిచే కెర్నల్ విషయంలో ఆ రుజువు విలువ చాలా పెద్దది. ఒక టార్‌ను ఒప్పించడం కోసం దాన్ని వదులుకోమనడం నాకు సమ్మతం కాదు.

అంతేకాదు. ఒకవేళ బీఎస్‌డీటార్ రేపు ఆ ఆప్షన్లన్నిటినీ నేర్చుకున్నా రెండింటి నుంచి ఒకే బైట్లు రావు. టార్ ఫైలులో ప్రతి ఫైలుకూ ముందు 512 బైట్ల హెడర్ ఉంటుంది. దానిలో యూస్టార్ అనే ఐదక్షరాల గుర్తు ఉంటుంది. పాజిక్స్ పద్ధతిలో ఆ గుర్తు తర్వాత ఒక శూన్య బైటు, రెండు సున్నా అంకెలు వస్తాయి. గ్నూ టార్ తన సొంత ఫార్మాట్‌లో రాసేటప్పుడు అక్కడ రెండు ఖాళీలు, ఒక శూన్య బైటు పెడుతుంది. గ్నూ టార్ డిఫాల్ట్‌గా రాసేది ఆ సొంత ఫార్మాటే. బీఎస్‌డీటార్ డిఫాల్ట్‌గా వీలైనంతవరకు యూస్టార్ రాసి, అవసరమైనచోట మాత్రమే పాక్స్ విస్తరణలు చేరుస్తుంది. ఒకటి కట్టినదాన్ని మరొకటి విప్పడంలో పేచీ లేదు, లోపలి ఫైళ్లు క్షేమంగా బయటికి వస్తాయి. బైటుకు బైటు పోల్చి చూసే పరీక్షలో మాత్రం రెండూ వేరు. అంటే ఒకే ఫలితం కావాలన్న లక్ష్యమే ఒక నిర్దిష్ట ప్రోగ్రామును కోరుతోంది. అలా కోరడం తప్పు కాదు. కోరుతూ ఆ పేరు చెప్పకపోవడమే తప్పు.

పేరు చెబితే ఎలా ఉంటుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు, అదే కెర్నల్ సోర్సులో రెండు ఉదాహరణలు ఉన్నాయి.

ఒకటి సీపీఐఓ. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ మొదట విప్పే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఒక సీపీఐఓ ఆర్కైవ్. టార్ కాకుండా సీపీఐఓ ఎందుకన్నది 2001 డిసెంబరులో చర్చించి తేల్చారు. టార్ ఫార్మాట్‌ను కెర్నల్ లోపల విప్పడం వికారమైన పని అని కెర్నల్ డెవలపర్ ఆల్ వీరో గట్టిగా అడ్డుపడ్డారు. సీపీఐఓలోనూ ఒక్క రకమే చెల్లుతుందని కెర్నల్ తేల్చి చెప్పింది. 070701తోగానీ 070702తోగానీ మొదలయ్యే, 110 బైట్ల హెడర్ ఉండే న్యూసీ ఫార్మాట్ అది. గ్నూ సీపీఐఓ ఏమీ చెప్పకపోతే రాసేది పాత బైనరీ ఫార్మాట్. బీఎస్‌డీ వాళ్ల సీపీఐఓ ఏమీ చెప్పకపోతే రాసేది 070707తో మొదలయ్యే అష్టాంశ ఫార్మాట్, పాజిక్స్ వర్ణించిందీ దాన్నే. కెర్నల్‌కు ఈ రెండూ పనికిరావు. 070707 కనిపిస్తే ‘తప్పు పద్ధతి వాడావు, న్యూసీ వాడు’ అని కెర్నలే సందేశం ఇస్తుంది.

గమనించండి, ఇక్కడ గ్నూ సీపీఐఓ డిఫాల్ట్ కూడా చెల్లదు. అయినా గ్నూ సీపీఐఓ పాడైపోయిందని ఎవరూ అనరు. ఏ ఫార్మాట్ కావాలో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది, ఆ ఫార్మాట్‌ను రాయమని చెప్పే ఆప్షన్ గ్నూ, బీఎస్‌డీ, బిజీబాక్స్ మూడింటిలోనూ ఉంది. పైగా బయటి పనిముట్టు మీద ఆధారపడకుండా ఆ ఆర్కైవ్ తయారుచేసే చిన్న సీ ప్రోగ్రామును కెర్నల్ తన సోర్సులోనే పెట్టుకుంది. పాజిక్స్ ఫార్మాట్‌నే కాదన్నా గొడవ రాలేదంటే, కావలసింది ముందే చెప్పడం వల్లే.

రెండోది ఏఆర్. కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్లను లింకర్‌కు అందించేముందు కట్టగట్టే పని దీనిది. కెర్నల్ కొన్నేళ్లుగా పలుచని ఆర్కైవ్‌లు వాడుతోంది. ఆబ్జెక్ట్ ఫైళ్లను నకలు చేయకుండా వాటి దారులను మాత్రమే రాసుకునే రకం ఇది, డిస్కు బాగా ఆదా అవుతుంది. 2018లో 4.17 వెర్షన్ నుంచి ప్రతి డైరెక్టరీలోనూ తయారయ్యే బిల్ట్‌ఇన్ ఫైలు ఇలాంటి ఆర్కైవే. దీన్ని కోరే ఆప్షన్ క్యాపిటల్ ‘టీ’. పాజిక్స్‌లో ఏఆర్ కమాండ్ ఉంది, అందులో ఆ అక్షరానికి అర్థం ‘విప్పేటప్పుడు ఫైలు పేరు మరీ పొడవైతే కత్తిరించు’. గ్నూ వాళ్లు దానికి వేరే అర్థం పెట్టుకున్నారు, ఎల్ఎల్‌వీఎం వాళ్లు అనుసరించారు. తర్వాత రెండు పక్షాలూ ఆ అక్షరం వాడకాన్ని తగ్గించమని, ‘థిన్’ అన్న పూర్తి పేరే వాడమని చెప్పాల్సి వచ్చింది. ‘గ్నూదే స్టాండర్డ్’ అనేవాళ్లు ఈ ఒక్క అక్షరం దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి. రాసిపెట్టిన ప్రామాణికాన్ని ఇక్కడ దాటింది గ్నూ ఏఆరే. అందుకు దాన్నీ నేను నిందించను, పలుచని ఆర్కైవ్ మంచి ఆలోచన.

ఏఆర్ విషయంలో కెర్నల్ మేక్‌ఫైలు ఏం చేస్తుందో చూడండి. ప్రోగ్రాము పేరును నేరుగా రాయదు, ఏఆర్ అన్న వేరియబుల్ పెట్టింది. ఎల్ఎల్‌వీఎం వాడేవాళ్లు దానికి ఎల్ఎల్‌వీఎం ఏఆర్ పేరు ఇస్తారు. రెండింటి మధ్య తేడాలు కనబడినచోట సర్దుబాటు చేసి, ఎందుకు చేశారో పక్కన రాస్తారు. ఆర్కైవ్‌లోని సభ్యుల వరస మార్చే కమాండ్‌కు అదనంగా ఒక ‘టీ’ తగిలించి, 14వ వెర్షన్ వరకూ ఎల్ఎల్‌వీఎం ఏఆర్‌లో ఉన్న లోపాన్ని తప్పించుకోవడానికేనని అక్కడే ఒక వ్యాఖ్య పెట్టారు. మరోచోట పైపులో ‘హెడ్’ కమాండ్ మధ్యలోనే ముగిసిపోతే జీసీసీ ఏఆర్ పైపు తెగిందని గోల చేస్తుండటంతో, దాని బదులు ‘సెడ్’ పెట్టారు. లోపం నిజంగా పనిముట్టుదైనప్పుడు పేరూ వెర్షనూ చెప్పి చూపించవచ్చని ఇది రుజువు. బీఎస్‌డీటార్ మీద నింద వేసేవాళ్లు అలాంటి లోపాన్ని ఒక్కటైనా చూపించరు. చూపించేది అది గ్నూ టార్ కాకపోవడం ఒక్కటే.

కుదింపు పనిముట్ల విషయంలోనూ 2020లోనే ఈ వివేకం వచ్చింది. జీజిప్‌కు బదులు పిగ్‌జెడ్ వంటివి వాడుకోవాలనుకునేవాళ్ల కోసం జీజిప్, బీజిప్2, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ అన్నిటికీ వేరియబుల్స్ పెట్టారు. టార్ ఒక్కటే మిగిలిపోయింది. జెంటూ వైపు నుంచి వచ్చిన ప్రతిపాదన దానికీ అదే చేయమంది. మేక్ కమాండ్ ఇచ్చేటప్పుడు టార్ వేరియబుల్‌కు జీటార్ అని రాస్తే గ్నూ టార్ నడుస్తుంది, ఏమీ రాయకపోతే పాత పద్ధతే. అది తర్వాత కెర్నల్‌లో చేరింది. అవసరమైన ప్రోగ్రాముల పట్టికలో గ్నూ టార్ 1.28 కావాలని, అది ఆ హెడర్ల ఆర్కైవ్ కోసమేనని డాక్యుమెంటేషన్‌లో కూడా రాశారు. బీఎస్‌డీటార్‌లో ఒక్క అక్షరం మారలేదు. సమస్య తీరింది. తప్పు బీఎస్‌డీటార్‌దే అయితే అలా తీరేది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. ‘కెర్నల్‌కు గ్నూ మేక్ కావాలి, గ్నూ సీసీ విస్తరణలు కావాలి, ఇన్ని గ్నూ పనిముట్లు ఉండగా టార్ కూడా గ్నూదే ఉండాలని ఊహిస్తే తప్పేంటి?’ ఊహించడమే తప్పు. గ్నూ మేక్ కావాలని కెర్నల్ రాతపూర్వకంగా చెబుతుంది, ఏ వెర్షనో కూడా చెబుతుంది. సీ కంపైలర్ విషయంలో ఏళ్ల తరబడి శ్రమించి క్లాంగ్‌ను సమాన హోదాలోకి తెచ్చారు. అంటే ఈ ప్రాజెక్టు తన అవసరాలను గుర్తించి, రాసి, వీలైతే విస్తరించే అలవాటున్నదే. ఆ అలవాటు టార్ దగ్గర కొంతకాలం తప్పింది, అంతే.

‘మెషీన్‌లో టార్ లింకును గ్నూ వైపు తిప్పేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా’ అనేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. ఆ లింకు కెర్నల్ ఒక్కదానిది కాదు. ఆ మెషీన్‌లోని ప్రతి ప్యాకేజీ, ప్రతి బ్యాకప్ స్క్రిప్టు దాన్నే పిలుస్తుంది. బీఎస్‌డీటార్‌ను కావాలని ఎంచుకున్న మనిషికి కారణాలు ఉంటాయి. అది జిప్, ఐఎస్ఓ, సీపీఐఓ, ఏఆర్ ఫైళ్లను కూడా అదే కమాండ్‌తో విప్పుతుంది, ఆ సౌకర్యం గ్నూ టార్‌లో లేదు. ఒక స్క్రిప్టు కోసం మొత్తం సిస్టమ్ ప్రవర్తనను మార్చమనడం, రేపు మరో స్క్రిప్టు కోసం వెనక్కి తిప్పమనడం ఇంజనీరింగ్ కాదు.

తప్పుడు నిందకు ఇంకో రూపం కూడా ఉంది. మాక్‌లో కెర్నల్ సోర్సు ఆర్కైవ్‌ను విప్పితే కొన్ని నెట్‌ఫిల్టర్ హెడర్లు మాయమవుతాయి. ‘బీఎస్‌డీటార్ ఫైళ్లు మింగేసింది’ అంటారు. కెర్నల్‌లో ఒకే పేరు పెద్దక్షరాల్లో ఒకటి, చిన్నక్షరాల్లో ఒకటిగా జంట ఫైళ్లు ఉన్నాయి. మాక్ ఫైల్‌సిస్టమ్ డిఫాల్ట్‌గా ఆ రెండు పేర్లనూ ఒకటిగా చూస్తుంది, రెండోది మొదటిదాని మీద పడుతుంది. గ్నూ టార్ పెట్టుకుని మళ్లీ విప్పినా అదే జరుగుతుంది. అక్షరాల తేడా పాటించే వాల్యూమ్ ఒకటి తయారుచేసుకుని అందులో విప్పితే బీఎస్‌డీటార్‌తోనే అన్ని ఫైళ్లూ వస్తాయి.

చివరిగా ఒక సాక్ష్యం. ఆ హెడర్ల స్క్రిప్టు పుట్టకముందు నుంచే కెర్నల్ సోర్సులో ఇంకో షెల్ స్క్రిప్టు ఉండేది. కట్టిన కెర్నల్‌ను టార్ ప్యాకేజీగా మార్చడం దాని పని. యజమానిని రూట్‌గా రాసే ఆప్షన్లు దానికీ కావాలి. అది నేరుగా ఆ ఆప్షన్లతో టార్‌ను పిలిచేది కాదు. ముందు ఆ ఆప్షన్లు ఇచ్చి హెల్ప్ అడిగి చూసేది. టార్ ఒప్పుకుంటేనే వాటిని వాడేది, లేకపోతే అవి లేకుండా కట్టేది. ‘ఏ మెషీన్‌లోనైనా టార్ అంటే గ్నూ టారే’ అన్న నమ్మకం కెర్నల్ రాసేవాళ్లలోనే అందరికీ లేదు.